పితికిపప్పు

ముప్పై రెండేళ్లు మైదాలో బతికినాను.
హనుమంతనగర్ రెండో క్రాసులో మా బేకరీ షట్టరెత్తితే
ముందు లేచేది పిండి, తర్వాత నేను.
కనురెప్పల మీద, చెవి మడతల్లో, జేబులో చిల్లర మీద.
పెళ్లి ఫోటోలో కూడా నా మెడ దగ్గర తెల్లటి చార,
రెడ్డెమ్మ దాన్ని పౌడరనుకుంది పాపం.

పోయిన శ్రావణంలో జయనగర్ డాక్టరు
నా పేగు ఫోటోలు బల్ల మీద పరిచి
గోధుమ వద్దన్నాడు. మైదా, రవ్వ, బన్ను,
చిటికెడు కూడా వద్దన్నాడు.
"మీరేం పని చేస్తారు?"
చెప్పినాను.
ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

గ్లూటెనంటే ఏంది సార్?
పిండిని సాగనిచ్చేది, విడిపోకుండా పట్టుకునేది.
ఇన్నేళ్లూ నేను అరచేతులతో అదిమి అదిమి
లేపింది దాన్నేనా!

అన్నీ వదిలేసినా బాధ లేదు.
శనివారం చాక్లెట్ కేకు అంచులు కోసేటప్పుడు
రాలే ముక్కలు మాత్రం నావి,
అది బేకరీవాడి హక్కు.
ఇప్పుడవి డబ్బాలో పోసి పిల్లలకిస్తా.
చెయ్యి మాత్రం పాత అలవాటుకు నోటిదాకా వచ్చి
ఆగి, ప్యాంటుకు తుడుచుకుంటాది.

బియ్యప్పిండితో చేస్తే ఇసుక.
రాగిపిండితో చేస్తే ఇటుక.
బాదంపిండి ధర విని అంగట్లోనే కూర్చున్నా.

అంతలో చలి దిగింది.
మాగడి నుంచి సిద్ధగంగమ్మ గోనె పరిచి కాయ పోసింది.
మేం అనపకాయలంటాం, ఆమె అవరేకాయంటాది,
పేరుకు పేచీ లేదు, ధరకే.
ఆ జిడ్డు వాసన వీధి మలుపు దాకా వచ్చి
చెయ్యి పట్టుకొని లాక్కెళ్తాది.

రాత్రంతా నానిన గింజల్ని
రెడ్డెమ్మ సీరియల్ చూస్తా పితుకుతాది.
రెండు వేళ్ల మధ్య నొక్కితే చాలు,
తొక్క ఆమె చేతిలో, పప్పు గాల్లో.
అట్లా ఎగిరిన ఒక్కటి
నేను జల్లిస్తున్న కోకోలో పడింది.
తీయబోయి, చూస్తా ఉండిపోయినా.

మేడ మీద చిన్న ఓవెన్. కొత్త ట్రే.
మోచేతుల దాకా కడిగి, చొక్కా మార్చి,
సొంత వంటింట్లోకి అంటు మనిషిలా అడుగుపెట్టినా.
ఉడికిన పప్పు వెన్నలా రుబ్బి,
నాలుగు గుడ్లు, తాటిబెల్లం, గానుగ నూనె, కోకో.
"పప్పులో బెల్లమేస్తే పూర్ణం.
పూర్ణానికి మసి పూసి కేకంటావా?"
రెడ్డెమ్మ మాటకు జవాబు లేదు.

మొదటిది పచ్చివాసన.
రెండోది నడిమధ్యన గుంట పడి
మా వీధి రోడ్డులాగే తయారైంది.
మూడోసారి పప్పు వేలికి చితికేదాకా ఉడకనిచ్చి
రెండు చెంచాల కాఫీ డికాషన్ పోసినా.

కత్తి దిగింది. తడిగా, నల్లగా మెరిసింది లోపల.
ఆరోగ్యమా అంటే, బెల్లం బెల్లమే, అబద్ధం చెప్పను.
కానీ అయిదు నెలల తర్వాత
అంచు కోసి, రాలిన ముక్క
నిలబడే తిన్నా.

పొద్దున్నే ఒక ముక్క పొట్లం కట్టి
సిద్ధగంగమ్మకిచ్చినా, ఏం వేసినానో చెప్పలేదు.
ఆమె కొరకలేదు. ముందు వాసన చూసింది.
"ఇది నా కాయే గదప్పా,
ఇంత నల్లగా ఎందుకు చేసినావు?"
"ఎండకు తిరిగింది" అన్నా.
నవ్వి, సగం తిని, సగం కొంగున ముడేసి
దోసెడు కాయలు కొసరు వేసింది.
ధర మాత్రం తగ్గించలేదు.

మాఘం దాటితే కాయ రాదు.
"అప్పుడేం చేస్తావ్?" అంటాది రెడ్డెమ్మ,
గోళ్ల సందుల్లో పచ్చటి తొక్కతో.
నాకేం తెలుసు.
గిన్నె ఇటు లాక్కొని కూర్చున్నా.
ఆమె కొంచెం జరిగింది.
నేను నొక్కిన మొదటి గింజ
టీవీకి తగిలింది.